మరణాల పద్దు నుంచి తెల్లటి డాబా దాకా

2010 మే నెల. అహ్మదాబాద్‌లోని శారదాబెన్ ఆస్పత్రిలో పురిటి వార్డు పై అంతస్తులో ఉండేది. అప్పుడే పుట్టిన పసికందులకు ఒళ్లు కాలిపోతోంది. అంత చిన్న బిడ్డకు జ్వరమంటే ఏ డాక్టరైనా ముందు ఇన్ఫెక్షన్ కోసమే వెతుకుతారు. ఆ పిల్లల్లో చాలామందికి దాని జాడ దొరకలేదు. చల్లటి చోటికి చేర్చి ఒళ్లు చల్లబరిస్తే జ్వరం దానంతటదే దిగిపోయింది. కారణం నెత్తిమీదే ఉంది, పొద్దంతా ఎండకు కాగిన స్లాబు. ఆ తర్వాత వార్డును కింది అంతస్తుకు దించారు. ఆ ఏళ్ల కేసు షీట్లు ముందేసుకుని వైద్యులు లెక్క కట్టారు. బయట ఎండ 42 డిగ్రీలు దాటాక ఎక్కిన ప్రతి డిగ్రీకీ, వేడికి తాళలేక చికిత్సకు చేరే పసికందులు 43 శాతం చొప్పున పెరిగారట. వార్డు కిందికి దిగాక ఆ బెడద బాగా తగ్గింది.

క్రిమి లేని జ్వరం. సరిగ్గా పదేళ్ల తర్వాత ఇదే చిక్కు దేశంలోని ప్రతి గేటు దగ్గరా, ప్రతి ఆస్పత్రి గుమ్మంలోనూ ఎదురవుతుందని అప్పుడు ఎవరూ ఊహించలేదు.

ఆ మే నెలలో అహ్మదాబాద్ ఎండ 46.8 డిగ్రీలకు ఎక్కింది. వడదెబ్బ మరణాలంటూ ఆస్పత్రులు రాసినవి కొద్దే. శ్మశానాల్లో రద్దీ మాత్రం వేరే కథ చెబుతోంది. గాంధీనగర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌కు చెందిన డాక్టర్ దిలీప్ మావలంకర్, ఆయన తోటివాళ్లు చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఎవరు దేనివల్ల పోయారన్న వాదనలోకి దిగలేదు. మున్సిపల్ కార్పొరేషన్ మరణాల రిజిస్టర్ తెచ్చుకుని, ఏ రోజు ఎంతమంది పోయారో వరసగా రాసుకున్నారు. గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ, వృద్ధాప్యం అన్నీ కలిపి. దాని పక్కనే ఆ రోజు ఎండ ఎంతో రాశారు. 2009, 2011 మే నెలల సగటుతో పోల్చారు. రోజుకు సుమారు వందమంది పోయే నగరంలో ఎండ శిఖరానికి చేరిన మే 21 ప్రాంతంలో ఆ సంఖ్య దాదాపు మూడింతలైంది. నెల మొత్తం మీద మామూలు కంటే 1,344 మంది ఎక్కువ పోయారు.

వాళ్లలో చాలామంది ఎండలో పడిపోయి పోలేదు. ఇంట్లో, మంచం మీద, రేకుల కప్పు కింద పోయారు. సర్టిఫికెట్‌లో గుండె ఆగిందని ఉంటుంది. గుండె ఎందుకు ఆగిందో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

ఈ లెక్కకు వైద్య గణాంకాల భాషలో అదనపు మరణాలు అని పేరు. నాకు ఆసక్తి కలిగించే సంగతి ఏమిటంటే, ఇది ఎండ కోసం పుట్టిన లెక్క కాదు. అంటురోగం కోసం పుట్టింది. ఇంగ్లండ్‌లో 1837లో జనన మరణాల నమోదు మొదలైంది. రెండేళ్ల తర్వాత ఆ రిజిస్ట్రార్ ఆఫీసులో విలియం ఫార్ అనే వైద్యుడు చేరాడు. 1847 చివర్లో లండన్‌ను ఇన్‌ఫ్లుయెంజా చుట్టేసింది. ఇన్‌ఫ్లుయెంజా అని రాసిన మరణాలు 1,157 మాత్రమే. ఫార్ ఆ ఒక్క గడి చూసి ఊరుకోలేదు. ఆ కాలంలో మామూలుగా పోయేవాళ్ల సంఖ్యను తీసేసి చూస్తే 5,000 మందికి పైగా అదనంగా పోయినట్టు తేలింది. మిగతావాళ్లంతా ఆస్తమా అనీ, న్యుమోనియా అనీ, ముసలితనం అనీ వేర్వేరు గడుల్లోకి సర్దుకుపోయారు. వైరస్ అనే మాటకు ఇప్పుడున్న అర్థం కూడా లేని కాలంలో, చేతిలో పద్దు పుస్తకం తప్ప మరేమీ లేని మనిషి కనిపెట్టిన పనిముట్టు ఇది. కాన్పుల గదికి స్టెతస్కోపు ఎంత ముఖ్యమో నగరానికి ఇది అంత ముఖ్యమని నేను నమ్ముతాను.

ఆ పనిముట్టు అంటురోగం చేతినుంచి ఎండ చేతికి మారిన ఘట్టాల్లో పెద్దది షికాగోలో జరిగింది. 1995 జూలై 13న అక్కడ 41 డిగ్రీల ఎండ, దానికి తోడు ఉక్క. కుక్ కౌంటీ వైద్యాధికారి ఎడ్మండ్ డోనహ్యూ దగ్గరికి శవాలు వరసకట్టాయి. మార్చురీలో చోటు చాలక శీతల ట్రక్కులు తెప్పించారు. ఈ చావులు ఎండవల్లే అని ఆయన అంటే, నగర మేయర్ రిచర్డ్ డేలీ ఆ లెక్కను బహిరంగంగానే అనుమానించాడు. వేసవిలో పోయిన ప్రతివాణ్నీ ఎండ ఖాతాలో వేస్తారా అన్న ధోరణి. ఆ తర్వాత నగర ఆరోగ్యశాఖ గణాంకాలే డోనహ్యూ పక్షాన నిలిచాయి. ఆ వారంలో 739 అదనపు మరణాలు.

షికాగో నుంచి ఇంకో పాఠం వచ్చింది. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ పక్కపక్కనే ఉన్న రెండు పేటల్ని పోల్చి చూశాడు. రెండూ పేదవే, రెంటిలోనూ ఒంటరి వృద్ధులు ఉన్నారు. దుకాణాలు తెరిచి, వీధిలో జనం తిరిగే పేటలో చావులు తక్కువ. పాడుబడ్డ ఇళ్లతో, భయంతో తలుపులు బిగించుకున్న పేటలో ఎక్కువ. పలకరించే మనిషి, కాస్త చల్లగా ఉండే కొట్టు, నడిచి వెళ్లడానికి వీలున్న వీధి, ఇవే ప్రాణాలు కాపాడాయి. ఎండ ఒంటరిని వెతుక్కుంటూ వెళ్తుంది.

2003 ఆగస్టులో ఫ్రాన్స్‌లో సుమారు 15,000 మంది ఎండకు పోయినప్పుడు కూడా ఎక్కువమంది వృద్ధులే, చాలామంది ఒంటరిగానే. పారిస్ పక్కన రుంజిస్ అనే పెద్ద టోకు మార్కెట్ ఉంది, కూరలూ మాంసమూ నిల్వచేసే చోటు. అప్పుడు అక్కడి శీతల గోదామును శవాగారంగా మార్చారు. 2020 ఏప్రిల్‌లో అదే మార్కెట్‌లోకి కోవిడ్ శవపేటికలు వచ్చాయి. రెండు విపత్తులకూ ఒకే అంగడి.

మళ్లీ అహ్మదాబాద్‌కు వద్దాం. 1,344 అనే అంకె చేతికొచ్చాక మున్సిపల్ కార్పొరేషన్, గాంధీనగర్ సంస్థ, అమెరికాకు చెందిన పర్యావరణ సంస్థ ఎన్నార్డీసీ, అక్కడి కొన్ని విశ్వవిద్యాలయాలు కూర్చుని ఒక ప్రణాళిక రాశాయి. 2013 వేసవిలో అది అమలులోకి వచ్చింది. దక్షిణాసియాలో ఒక నగరం ఎండ కోసం ప్రత్యేకంగా రాసుకున్న మొదటి ప్రణాళిక. ఏడు రోజుల ముందుగా ఎండ అంచనా, దాన్ని బట్టి రంగులు. 41.1 డిగ్రీల నుంచి పసుపు, 43.1 నుంచి నారింజ, 45కు చేరితే ఎరుపు. మామూలుగా వాతావరణ శాఖ ఎండ తీవ్రతను చూసి గీత గీస్తుంది. ఇక్కడ మాత్రం ఆ నగరంలో ఎన్ని డిగ్రీల దగ్గర చావులు పెరగడం మొదలవుతోందో చూసి గీత పెట్టారు. ఆ గీతను గీసింది మరణాల రిజిస్టరే.

ఎరుపు రోజున పార్కులు మధ్యాహ్నం కూడా తెరిచి ఉంచాలి. గుళ్లు, మసీదులు, రాత్రి బసలు, లైబ్రరీలు నీడ కోసం వచ్చినవాళ్లను రానివ్వాలి. వీధి మూలల్లో నీళ్ల కేంద్రాలు పెట్టాలి. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి వృద్ధుల్ని చూసి రావాలి. 108 అంబులెన్సుల్లో ఐస్ ప్యాకులు ఉండాలి. 108 అంటే మన హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన సేవే. గుజరాత్ వెళ్లి అక్కడి ఎండల పద్దుకు మొదటి కబురు తెచ్చే మనిషైంది. ఏ పేట నుంచి ఎన్ని ఫోన్లు వస్తున్నాయో చూస్తే వడదెబ్బ ఎక్కడ కొడుతోందో రిజిస్టర్ కంటే ముందే తెలుస్తుంది. తర్వాత వచ్చిన ఒక మదింపు ప్రకారం ఈ ప్రణాళిక ఏటా సగటున 1,190 మరణాలను తప్పించింది.

2015 మే మనవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో కలిపి వడదెబ్బ మరణాలు 1,900 దాటాయని ప్రభుత్వ లెక్కలే చెప్పాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అనుకుని ఊరుకునే రోజులు పోయాయి. ఆ తర్వాత రెండు రాష్ట్రాలూ ప్రణాళికలు రాసుకున్నాయి. కొత్తగా రాసుకున్నామని అంటున్నా అందులో సగం మనకు తెలిసిందే. చలివేంద్రం పెట్టడానికి మనకు ఎవరూ నేర్పాల్సిన పని లేదు. తాటాకు పందిరి, కింద ఇసుక పోసి తడిపిన చోట కొత్త కుండలు, వాటి చుట్టూ తడి గోనెపట్టా, పైన మూత, పక్కన గొలుసు కట్టిన స్టీలు గ్లాసు. ఉపాధి హామీ పనుల వేళలు పొద్దున్నే పెట్టడం, మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు దానికి తోడయ్యాయి.

ఇంత మంచి ప్రణాళికల్లో ఎవరూ ప్రశ్నించని ఊహ ఒకటి ఉంది. మనుషులు బయటికి రావచ్చు, ఒకచోట చేరవచ్చు, ఒకరినొకరు తాకవచ్చు అన్నది. చల్లటి చోటు ఒకటి ఉంటే పదిమంది పంచుకోవచ్చు. పేదవాడి ఏసీ అంటే పార్కు, బస్సు, గుడి మండపం, చెట్టుకింద చలివేంద్రం. ఎవరైనా సొమ్మసిల్లితే నలుగురూ పోగై తడిగుడ్డ వేస్తారు.

2020 మార్చి 25న ఆ ఊహ కూలిపోయింది. బస్సులు ఆగాయి. పార్కులకు తాళాలు. గుళ్లు, మసీదులు మూతపడ్డాయి. అహ్మదాబాద్‌లో మే 7 నుంచి వారం రోజులు పాలూ మందులూ తప్ప ఏ దుకాణమూ తెరవలేదు. నగరం ఎంతో శ్రమపడి పేర్చుకున్న చల్లటి చోట్లన్నీ ఒక్క ఉత్తర్వుతో మూసుకుపోయాయి. ఇంటింటికీ తిరగాల్సిన ఆశా కార్యకర్తలు తిరిగారు గానీ, ఇప్పుడు వాళ్ల చేతిలో ఉన్నది కోవిడ్ సర్వే కాగితం. ఢిల్లీ పాలెంలో మే 26న 47.6 డిగ్రీలు నమోదైంది. ఆ ఎండలోనే వలస కూలీలు సామాను నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని హైవేల మీద నడుస్తున్నారు.

ఎండ చెప్పేది ఒకటి, మహమ్మారి చెప్పేది ఇంకొకటి. బయటికి రా, చల్లగా ఉన్న చోట చేరు అని ఎండ అంటుంది. లోపలే ఉండు, ఎవరితోనూ కలవకు అని మహమ్మారి అంటుంది. పది గదుల ఇల్లున్నవాడికి ఈ రెండూ ఒకటే మాట, ఏసీ వేసుకుని కూర్చుంటాడు. రేకుల కింద ఒకే గదిలో ఆరుగురు ఉండేవాళ్లకు ఏది విన్నా రెండోది ప్రాణం మీదికి తెస్తుంది. ఈ రెండింటికీ ముందు దొరికేదీ ఒకే రకం మనుషులు. అరవై దాటినవాళ్లు, షుగరు, బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు, గాలి ఆడని గదిలో ఉండేవాళ్లు.

నేను దగ్గరినుంచి చూసింది ఒకటి చెప్తాను. ఆ మే నెలలో విజయవాడలో మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర నుదుటి మీద పెట్టే థర్మామీటరు కొన్నారు. తుపాకీలా పట్టుకుని వాచ్‌మన్ అందరికీ చూసేవాడు. ఒకరోజు ఒంటిగంటకి గ్యాస్ సిలిండర్ అబ్బాయి వచ్చాడు. నుదురు 101 చూపించింది. రూలు ప్రకారం లోపలికి రానివ్వకూడదు. అబ్బాయి ముఖం పాలిపోయింది, జ్వరమని కాదు, పని పోతుందని. వాచ్‌మన్ అతన్ని వేపచెట్టు నీడన కూర్చోబెట్టి, సీసా ఎత్తి దూరంనుంచి దోసిట్లో నీళ్లు పోశాడు. పావుగంట పోయాక మళ్లీ చూస్తే 97.8. ‘ఎండ సార్, జొరం కాదు’ అన్నాడు నావైపు చూసి. ఆ పరికరానికి చర్మం మీది వేడే తెలుసు, లోపల ఏముందో తెలియదు.

రెండు వారాల తర్వాత ఆ వాచ్‌మనే పడిపోయాడు. పైన నీళ్ల ట్యాంకు పక్కన రేకుల గదిలో ఉండేవాడు. సాయంత్రం నీళ్ల మోటారు వేయలేదేమని చూడబోతే చాప మీద పడి ఉన్నాడు. వాంతి అయింది, ఒళ్లు నిప్పులా ఉంది, మాట తడబడుతోంది. ఆ క్షణంలో మేమంతా అనుకున్నది ఒకటే మాట, వైరస్. గది బయటే నిలబడిపోయాం. నేనూ నిలబడ్డాను. పారాసిటమాల్ బిళ్ల, నీళ్ల సీసా గుమ్మంలో పెట్టి వెనక్కి జరిగాం. తాకి చూసినవాళ్లు లేరు. ఒక కుర్రవాడు మాస్కు రెండు పొరలుగా కట్టుకుని లోపలికి వెళ్లి, అతన్ని ఎత్తుకుని మెట్ల దగ్గరి నీడలోకి తెచ్చి బకెట్ నీళ్లు పోశాడు. అప్పుడు తెప్పరిల్లాడు. టెస్టు ఫలితం మూడోరోజు వచ్చింది, నెగెటివ్. ఆ ముప్పావుగంట నేను ఏం చేశానన్నది నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఇది కేవలం మా పిరికితనం మాత్రమే కాదు, శరీరం పెట్టే చిక్కు కూడా. సూక్ష్మజీవి లోపలికి వస్తే రోగనిరోధక వ్యవస్థ మెదడులోని హైపోథాలమస్‌కు కబురు పంపుతుంది. అక్కడ శరీర ఉష్ణోగ్రతకు ఒక స్థాయి పెట్టి ఉంటుంది, ఆ స్థాయి పైకి జరుగుతుంది. అందుకే జ్వరంలో ఒళ్లు కాలుతున్నా చలేస్తుంది, దుప్పటి కావాలంటాం. పారాసిటమాల్ ఆ స్థాయిని కిందికి దించుతుంది. వడదెబ్బలో ఆ స్థాయి ఉన్నచోటే ఉంటుంది. బయటి వేడి ముందు చెమట, రక్తప్రసరణ ఓడిపోయి ఒంటి వేడి అదుపు తప్పుతుంది. అక్కడ బిళ్ల పనిచేయదు. పైగా వేడికి దెబ్బతిన్న కాలేయానికి అదనపు భారం. నీళ్లు, గాలి, నీడ, ఐసు, అదీ వెంటనే. చలేస్తోందా, దుప్పటి అడుగుతున్నాడా, దగ్గు ఉందా, మాట తడబడుతోందా, పొద్దుటినుంచి ఏ గదిలో ఉన్నాడు అన్న అయిదు ప్రశ్నలు వేసే తీరిక 2020లో ఎవరికీ లేకపోయింది. శారదాబెన్ ఆస్పత్రి వైద్యులు పసికందుల విషయంలో ఆ తీరిక చూపించారు కాబట్టే ఆ కారణం బయటపడింది.

చికిత్స చేసేవాళ్ల అవస్థ ఇంకొకటి. ఏసీ గాలి వైరస్‌ను గదంతా తిప్పుతుందన్న భయంతో చాలా ఆస్పత్రుల్లో సెంట్రల్ ఏసీలు ఆపేశారు. గాలి చొరని పీపీఈ కిట్‌లో, మే ఎండలో, ఆరుగంటల డ్యూటీ. కిట్ విప్పితే మళ్లీ వేసుకోలేరు కాబట్టి నీళ్లు తాగరు. గ్లవ్స్ విప్పితే చెమట ధారగా కారేదని నర్సులు చెప్పేవారు. ఏసీ ఇంజినీర్ల సంఘమైన ఇష్రే 2020 ఏప్రిల్‌లోనే ఒక మధ్యేమార్గం చెప్పింది. ఏసీ 24 నుంచి 30 డిగ్రీల మధ్య పెట్టుకోండి, తేమ 40 నుంచి 70 శాతం మధ్య ఉండనివ్వండి, కిటికీ కాస్త తెరిచి బయటి గాలి రానివ్వండి అని. కూలర్ అయితే బయటి గాలినే లాగాలి, గదిలోని గాలిని కాదు. మనం కిటికీలో బిగించే కూలర్ ఆ పని చక్కగా చేస్తుంది. మధ్య గదిలో పెట్టుకునే చక్రాల కూలర్ చేయదు.

ఇతర నగరాలూ తడుముకున్నాయి. న్యూయార్క్‌లో ఎండకు లైబ్రరీలూ వృద్ధుల కేంద్రాలే ఆసరా, అవి మూతబడ్డాయి. మనుషుల్ని చల్లటి చోటికి రప్పించలేం కాబట్టి చల్లదనాన్నే ఇంటికి పంపుదామని, అరవై దాటిన పేదల ఇళ్లకు 74,000 ఏసీలు ఇవ్వడానికి నగరం పూనుకుంది. కరెంటు బిల్లుకూ కొంత సాయం అందేలా చూసింది. జపాన్ ప్రభుత్వం మే నెలలోనే, ఆరుబయట రెండు మీటర్ల ఎడం ఉంటే మాస్కు తీసేయండి అని ప్రజలకు చెప్పింది. మాస్కు మీద అంత పట్టు ఉన్న దేశంలో అది చిన్న మాట కాదు. ఫ్రాన్స్‌లో 2003 చావుల తర్వాత ప్రతి వృద్ధాశ్రమంలోనూ ఒక చల్లటి గది ఉండాలని నియమం పెట్టుకున్నారు. ఇప్పుడు అందర్నీ ఆ గదిలో చేర్చడమే ప్రమాదమైంది. ఇంగ్లండ్‌లో 2020 వేసవి ఎండల రోజుల్లో, కోవిడ్ మరణాలు పక్కన పెట్టాక కూడా, 2,556 అదనపు మరణాలు తేలాయి. 2004లో ఎండల ప్రణాళిక పెట్టుకున్నాక అంత పెద్ద సంఖ్య అప్పటిదాకా ఎప్పుడూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ వాతావరణ సంస్థల అండతో నడిచే ఒక బృందం ఎండనూ కోవిడ్‌నూ కలిపి చూడమని అదే మేలో సూచనలు విడుదల చేసింది. రెండు వేర్వేరు ఫైళ్లుగా ఉన్నవి మొదటిసారి ఒక బల్ల మీదికి వచ్చాయి.

మన చలివేంద్రం గురించి కూడా చెప్పాలి. ఆ ఏడాది అవి దాదాపు కనిపించలేదు. భయం గొలుసు కట్టిన ఆ గ్లాసు గురించి. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం 1909లోనే రైళ్లలో, బడుల్లో అందరూ తాగే ఒకే కప్పును నిషేధించింది. శామ్యూల్ క్రంబైన్ అనే ఆరోగ్యాధికారి క్షయ రోగులు తాగిన కప్పుతోనే పసిపిల్లలూ తాగడం చూసి చేసిన పని. కాగితపు కప్పు ఊరూరా పాకడానికి ఆ నిషేధాలు ఒక కారణం. మనకు అంతకంటే పాత పద్ధతి ఉంది, చెంబెత్తి దోసిట్లో పోయడం. నోరు తగలదు, చెయ్యి తగలదు. అయితే ఆ ఎత్తిపోసే చెంబు వెనక అంటరానితనం ఉంది. ఆ అవమానాన్ని తాగినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. వేపచెట్టు కింద మా వాచ్‌మన్ పోసిన నీళ్లలో అది లేదు, ఆపద మాత్రమే ఉంది. కుళాయి బిగించిన కుండ, ఎవరి సీసా వాళ్లే పట్టుకోవడం. ఇంత చిన్న మార్పుతో చలివేంద్రాన్ని నిలబెట్టుకోవచ్చు. మూసేయడం కంటే అదే మేలు.

2021 ఏప్రిల్, మే. రెండో విడత. ఈసారి కూడా ఎండాకాలమే. టీకా కోసం నలభై అయిదు దాటినవాళ్లు ఎండలో వరస కట్టారు. ఆక్సిజన్ కోసం ఆస్పత్రి ఆవరణల్లో, ఆటోల్లో, చెట్ల కింద రోగులు పడుకున్నారు. కోవిడ్ మరణాల అధికారిక సంఖ్యకూ శ్మశానాల్లో కట్టెల లెక్కకూ పొంతన కుదరలేదు. అప్పుడు పాత్రికేయులూ పరిశోధకులూ చేసింది ఫార్ 1847లో చేసిందే, మావలంకర్ బృందం 2010లో చేసిందే. కారణం గడి వదిలేసి మొత్తం మరణాల నమోదు అడిగారు. ఆంధ్రప్రదేశ్ రిజిస్టర్లలో 2021 మే ఒక్క నెలలో నమోదైన మరణాలు లక్ష దాటాయి, మామూలు మే నెలలకు కొన్ని రెట్లు. అంటురోగం కోసం పుట్టి, ఎండ అనే మేనమామ ఇంట్లో పెరిగి, ఆ లెక్క మళ్లీ పుట్టింటికి వచ్చింది. ప్రతి మున్సిపాలిటీ ఆ పద్దును నెలలు ఆగకుండా, రోజు మారేలోపు బయటపెడితే ఎండయినా వైరసైనా మొదటి వారంలోనే పట్టుబడుతుంది. దానికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఉన్న రిజిస్టరు తెరిచి ఉంచే మనసు ఉండాలి.

ఈ రెండు ఆపదలూ ఒకదానికొకటి అడ్డం పడే చోట, ఎవరితోనూ గొడవపడని ఉపాయం ఒకటి కనిపించింది. ఎవర్నీ బయటికి పిలవదు, ఎవర్నీ ఒకచోట చేర్చదు, కరెంటు తినదు. ఇంటి పైకప్పు తెల్లగా చేయడం. 2017లో హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో జీహెచ్ఎంసీ, ఎన్నార్డీసీ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, ట్రిపుల్ ఐటీ కలిసి 25 పేద ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లటి పొర పరిచాయి. అలాంటివే మామూలు ఇళ్లతో పోలిస్తే లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. అదే ఏడాది అహ్మదాబాద్‌లో మూడు వేలకు పైగా కప్పులకు సున్నం వేశారు. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానమే తెచ్చింది. రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్లు, అందులో 200 హైదరాబాద్‌లో అన్నది లక్ష్యం. దేశంలో ఒక రాష్ట్రం ఇలాంటిది రాయడం గొప్ప అడుగే. ఒక్క వెలితి నన్ను బాధిస్తుంది. ఇళ్ల విషయంలో 600 చదరపు గజాలు దాటిన స్థలానికే తప్పనిసరి, అంతకంటే చిన్నవాటికి ఇష్టమైతేనే. కాగేది ఎక్కువగా ఆ చిన్న కప్పుల కిందే కదా. చట్టం బలవంతం చేయకపోతే పోయింది, ప్రభుత్వం ఖర్చయినా పెట్టుకోవాలి.

రెండు డిగ్రీలంటే ఎంత అనిపించవచ్చు. అహ్మదాబాద్ పద్దులో పసుపు గీతకూ నారింజ గీతకూ మధ్య దూరం దాదాపు అంతే. ఒకే గదిలో పద్నాలుగు రోజులు తలుపేసుకుని ఉండాల్సిన రోగికి, పక్కన మనిషి లేని మధ్యాహ్నం, ఆ రెండు డిగ్రీలే తోడు.

మా అపార్ట్‌మెంటులో 2021 ఉగాది వెళ్లాక అందరం కలిసి డాబాకు సున్నం వేశాం. గుల్ల సున్నం రాత్రి నానబెట్టి, వడగట్టి, ఫెవికాల్ కలిపి రెండు పూతలు. ముందుగా వేసింది ట్యాంకు పక్కన రేకుల గదికి. లోపల కప్పు కింద వెదురు తడికె కట్టించి, ఎదురు గోడకి ఒక కిటికీ కొట్టించాం, గాలి అటునుంచి ఇటు పోయేలా. వాచ్‌మనే బ్రష్షు పట్టుకుని మొదటి పూత వేశాడు. ఆ మేలో ఒక మధ్యాహ్నం పైకి వెళ్తే తలుపు బార్లా తీసి ఉంది. చాప మీద పడుకుని నిద్రపోతున్నాడు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. కాస్త చెమట పట్టింది, అంతే. కళ్లు తెరిచి ‘మోటారు వెయ్యాలా సార్’ అన్నాడు.